పై బజారులో విన్నది, కింది బజారులో చెప్పింది

మా మేనత్త ఇంటి పెరట్లో గోడకి ఒక ఇనప గేటు ఆనించి ఉంటుంది. రెండు రెక్కలది, మధ్యలో పువ్వు డిజైను. రెడ్ ఆక్సైడ్ కొట్టి వదిలేశారు, పైన రంగు పడలేదు. ఒక రెక్క మీదికి చిక్కుడు తీగ పాకింది. రెండో రెక్క మీద అత్తయ్య మసిగుడ్డలు ఆరేస్తుంది. ఆ గేటు నిలబడాల్సిన స్థలం ఊరి చివర రోడ్డు పక్కనుంది. మామయ్య పోయినప్పటి నుంచీ అది కోర్టులో నలుగుతోంది.

స్థలం చేతికి రాకుండా గేటెందుకు చేయించిందంటే, ఇంటి ప్రార్థనకి వచ్చిన ఒక దైవసేవకుడు కళ్లు మూసుకుని, ఆమె తల మీద చెయ్యి పెట్టి, "రెండు సంవత్సరాలు నిండకముందే ఆ స్థలానికి నీ చేత్తో గేటు పెట్టుకుంటావని ప్రభువు సెలవిస్తున్నాడు తల్లీ" అన్నాడు. అత్తయ్య మర్నాడే వెల్డింగు షాపుకి వెళ్లింది. ఆ మాట చెప్పి ఇప్పటికి మూడున్నరేళ్లు. కేసు వాయిదా మీద వాయిదా పడుతూనే ఉంది.

ఈ కథ ఎవరికి చెప్పినా వెంటనే "దొంగ ప్రవక్త" అనేస్తారు. మొదట్లో నేనూ అన్నాను. కానీ ఆ మనిషిని నేనెరుగుదును. అత్తయ్య దగ్గర ఒక్క రూపాయి పుచ్చుకోలేదు. మామయ్య ఆస్పత్రిలో ఉన్న రాత్రి తెల్లవార్లూ వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. పైగా అంతకుముందు మా వదినకి ఉద్యోగం వస్తుందని చెబితే నెల తిరక్కుండా ఆర్డరొచ్చింది. అలాంటివాణ్ని దొంగ అనడానికి నోరు రాదు. అనకుండా ఊరుకుందామంటే పెరట్లో గేటు కనపడుతుంది.

ఈ చిక్కుతోనే నేను యూదుల గ్రంథాల వైపు వెళ్లాను. హీబ్రూ రాదు, అనువాదాల్లో చదివినవాణ్నే. వాళ్లనే ఎందుకంటే, ప్రవక్తలు పుట్టిందీ వాళ్లలోనే, ప్రవక్తలతో విసిగిందీ వాళ్లే. ఎవడు అసలు, ఎవడు నకిలీ అని రెండు వేల ఏళ్లకి పైగా ఒకరి మాట ఒకరు కాదంటూ వాదించుకున్నారు, ఆ వాదనలన్నీ దాచకుండా రాసిపెట్టుకున్నారు. (తెలుగు బైబిలు 'యెహోవా' అని రాసే పేరుని వాళ్లు పలకనే పలకరు. నేనూ ఇక్కడ దేవుడు అనే రాస్తాను.)

చదివాక నాకు మిగిలిన అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జోస్యం తప్పిపోవడం కన్నా పెద్ద గుర్తు ఒకటుంది: దేవుడు తనకి చెప్పినదేదో, తను ఊహించుకున్నదేదో, ఆ రెంటి మధ్య గీత ఎక్కడుందో ఆ మనిషికి తెలుసా లేదా అన్నది. ఇది ఏ రబ్బీ (యూదు మతపండితుడు) ఇచ్చిన సూత్రమూ కాదు, వాళ్లని చదివి నేను పట్టుకున్నది. కాబట్టి తప్పైతే తప్పు నాది.

ఉన్న పరీక్షలు

తోరాలో, అంటే బైబిలు మొదటి ఐదు పుస్తకాల్లో, ద్వితీయోపదేశకాండం రెండు పరీక్షలు పెడుతుంది. 13వ అధ్యాయంలో, ఒకడు సూచక క్రియ చూపిస్తానని చూపించినా సరే, ఇతర దేవతల్ని కొలుద్దాం రమ్మంటే వినొద్దని ఉంది. అద్భుతం నిజంగానే జరిగినా వినొద్దు, అది మీకు పరీక్ష. 18వ అధ్యాయంలో, దేవుడి పేరున చెప్పింది జరక్కపోతే అది దేవుడి మాట కాదనీ, వాడికి భయపడొద్దనీ ఉంది.

రెండూ కలిపి చూడండి. జరిగినంత మాత్రాన నమ్మడానికి లేదు. జరక్కపోతే నమ్మక్కర్లేదు, కానీ అది తెలిసేది గడువు దాటాకే. చేతులు కాలాక పట్టుకునే ఆకుల్లాంటి పరీక్ష. ఏదైనా జరిగిపోయాక "బ్రహ్మంగారు అప్పుడే చెప్పారు" అనడం మనకీ అలవాటే. వెల్డింగు షాపుకి వెళ్లాలా వద్దా అని ఇవాళ తేల్చుకోవాల్సిన మనిషికి మాత్రం ఈ పరీక్షలు రెండూ చెయ్యిస్తాయి.

ప్రవక్తలు తమ తోటివాళ్ల మీద వేరే గుర్తులు కూడా చెప్పారు. పళ్లకి పని పెడితే శాంతి అంటారు, నోట్లో ఏమీ పెట్టనివాడి మీద యుద్ధం ప్రకటిస్తారు అని మీకా ఎత్తిపొడిచాడు. ఆమోసైతే నేను ప్రవక్తనీ కాదు, ప్రవక్త కొడుకునీ కాదు, పశువుల కాపరిని, మేడిపళ్లు చూసుకునేవాణ్ని అని బేతేలు యాజకుడి మొహం మీదే చెప్పాడు. డబ్బు పరీక్ష మంచి పరీక్షే, టీవీలో కనిపించే సగం మందిని అది ఏరి పారేస్తుంది. కానీ మా అత్తయ్య దగ్గరికి వచ్చినవాడు అందులో దొరకడు. నాకు కావాల్సింది దొరకనివాడి సంగతి.

కాడి

యూదా దేశంలో సిద్కియా రాజు ఏలుబడిలో నాలుగో ఏడు, ఐదో నెల. మన లెక్కలో క్రీ.పూ. 594 గానీ 593 గానీ. అంతకు మూడు నాలుగేళ్ల ముందు, 597లో, బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము మీదికొచ్చి కుర్ర రాజు యెకొన్యానీ, పనితనం ఉన్నవాళ్లనీ, దేవాలయం పాత్రల్నీ పట్టుకుపోయాడు. మిగిలినవాళ్లు తేల్చుకోవాల్సింది ఒకటే. తల వంచి బతకాలా, తిరగబడాలా? యిర్మీయా ప్రవక్త మెడ మీద కాడి వేసుకుని తిరుగుతున్నాడు. ఎద్దు మెడ మీద వేసే కాడే. వంచండి, బతికిపోతారు అని దానర్థం.

అప్పుడు గిబియోను ఊరివాడు హనన్యా దేవాలయంలో యాజకులందరి ముందు, జనం ముందు నిలబడ్డాడు. బబులోను కాడిని విరిచేశానని దేవుడంటున్నాడు, రెండేళ్లలో పాత్రలన్నీ వెనక్కొస్తాయి, యెకొన్యా వస్తాడు, చెరపట్టినవాళ్లంతా వస్తారు అన్నాడు.

దేవుడి పేరే ఎత్తాడు, వేరే దేవతల ఊసు లేదు. 13వ అధ్యాయానికి దొరకడు. గడువు రెండేళ్లు, ఆలోగా 18వ అధ్యాయానికీ దొరకడు. డబ్బు తీసుకున్నాడని ఎక్కడా లేదు. పైగా హీబ్రూ మూలం అతన్ని యిర్మీయా గ్రంథం 28వ అధ్యాయం పొడుగునా 'ప్రవక్త హనన్యా' అనే పిలుస్తుంది, యిర్మీయాని పిలిచినట్టే. పాత గ్రీకు అనువాదంలో మాత్రం మొదటి వాక్యంలోనే 'అబద్ధ ప్రవక్త' అని పెట్టేశారు. సినిమా మొదలవ్వకముందే విలన్ ఎవరో చెప్పేసినట్టు. హీబ్రూ ఆ సాయం చెయ్యదు. ఆ రోజు దేవాలయంలో నిలబడ్డ జనానికి ఎంత తెలుసో చదివేవాడికీ అంతే తెలియనిస్తుంది.

యిర్మీయా ఇచ్చిన జవాబు నన్ను చాలాకాలం వేధించింది. "ఆమేన్" అన్నాడు. దేవుడు అలాగే చేయుగాక, నువ్వు చెప్పింది నెరవేరుగాక అన్నాడు. ఇది వెటకారమని చదివేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. అదే ఊరు, అదే గుడి. పాత్రలు వెనక్కి రావాలని యిర్మీయాకి మాత్రం ఉండదా? అతని మనసు కోరుకునేదే హనన్యా నోటి వెంట వచ్చింది. తేడా ఏమిటంటే యిర్మీయాకి అది తన మనసు కోరుకునేదని తెలుసు.

తర్వాత ఒక్క మాట చేర్చాడు. నాకూ నీకూ ముందున్న ప్రవక్తలు యుద్ధాలూ కీడులూ తెగుళ్లే చెప్పారు, శాంతి అని చెప్పేవాణ్ని దేవుడే పంపాడని తెలిసేది అతని మాట నెరవేరినప్పుడే అన్నాడు. తీపి చెప్పేవాడే రుజువు చూపించుకోవాలన్నమాట. చేదు చెప్పేవాడికి ఆ అవసరం ఎందుకు లేదంటే, అతన్ని నమ్మడానికి ఎలాగూ ఎవరికీ తొందరుండదు.

హనన్యా ఊరుకోలేదు. యిర్మీయా మెడ మీది కాడి లాక్కుని జనం ముందే విరిచేశాడు. విరిగిన చెక్క చప్పుడుకి ఆ గుంపు ఎలా ఊగిపోయి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇక్కడ యిర్మీయా ఏదో ఒకటి అనాలి. శాపం పెట్టాలి, పద్యం అందుకోవాలి, కనీసం ఒక సామెతైనా విసరాలి. గ్రంథంలో ఉన్నది ఇంతే: యిర్మీయా తన దారిన వెళ్లిపోయాడు.

ఆ వాక్యం దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. అంత జనంలో, అంత అవమానం జరిగాక, వెళ్లిపోవడం ఎవరికి చేతనవుతుంది? ఆ క్షణానికి అతనికి చెప్పింది ఏమీ లేదు. లేదు కాబట్టి చెప్పలేదు. తర్వాత మాట వచ్చాక తిరిగొచ్చాడు: చెక్క కాడి విరిచావు, దాని బదులు ఇనప కాడి వస్తుంది.

అదే విడత అతను ఇంకోటి కూడా చెప్పాడు, ఈ ఏడే నువ్వు చచ్చిపోతావని. ఏడో నెలలో హనన్యా చచ్చిపోయాడు. ఈ ముక్క నాకు మింగుడుపడదు. అంతసేపు గెలుపోటములు తేలకుండా నడిచిన కథని ఎవరో తొందరపడి తేల్చేసినట్టుంటుంది. క్రీ.పూ. 586లో నగరం కూలిందన్నదే యిర్మీయాకి చాలినంత సాక్ష్యం. బబులోను సంగతంటారా, దాని కాడీ విరిగింది, 539లో. అంటే హనన్యా దారి తప్పలేదు, కాలం తప్పాడు. రెండేళ్లన్నది యాభై ఏళ్లు దాటింది.

కైముతిక న్యాయం

తల్మూదులో, అంటే రబ్బీల వాదనలు కూర్చిన పెద్ద గ్రంథంలో, సన్హెద్రిన్ అనే భాగంలో రబ్బీలు ఈ హనన్యాని మళ్లీ బోను ఎక్కిస్తారు. మనుషుల కోర్టు శిక్షించాల్సిన అబద్ధ ప్రవక్తలు రెండు రకాలని అక్కడ మిష్నా (తల్మూదుకి ఆధారమైన పాత ధర్మసూత్రాలు) అంటుంది: ఎవరూ వినని మాట చెప్పేవాడొకడు, తనకి చెప్పని మాట చెప్పేవాడొకడు. మొదటివాడు వట్టి కల్పన. రెండోవాడికి ఉదాహరణే హనన్యా.

ఎలాగో వాళ్లు కథలా చెప్తారు. యిర్మీయా పై బజారులో నిలబడి, 'ఏలాము విల్లు విరిచేస్తానని దేవుడంటున్నాడు' అని చెప్తున్నాడు. హనన్యా విన్నాడు. లెక్క వేసుకున్నాడు. ఏలాము బబులోనుకి సాయం వచ్చిన దేశం, అంతే. సాయం వచ్చినవాడి విల్లే విరిగితే అసలువాడి సంగతి చెప్పాలా? కింది బజారుకి దిగి వెళ్లాడు. బబులోను కాడి విరిచేశానని దేవుడంటున్నాడు అని చెప్పేశాడు.

మన శాస్త్రాల్లో దీన్ని కైముతిక న్యాయం అంటారు. చిన్నదానికే ఇలా అయితే ఇక పెద్దదాని మాట చెప్పాలా అన్న తర్కం. రబ్బీలకి ఇది చాలా ఇష్టమైన పద్ధతి, తోరాని వ్యాఖ్యానించే నియమాల్లో మొదట వచ్చేది ఇదే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాళ్లు చేసే పనే హనన్యా చేశాడు. అందుకే ఒక రబ్బీకి సందేహం వచ్చింది. ఇది అసలు ఎవరికీ చెప్పని మాటే కదా, రెండో రకంలో ఎందుకు పెట్టారని పాపా అడిగాడు. తర్కంతో రాబట్టే హక్కు ఇచ్చారు కాబట్టి అది చెప్పినట్టే లెక్క, కానీ అతనికి చెప్పలేదు అన్నాడు అబ్బయె అనే ఇంకో రబ్బీ.

ఈ జవాబు నాకు వెన్నులో చలి పుట్టించింది. హనన్యా తర్కంలో తప్పు పట్టలేదు చూడండి. పండితుడిగా నిలబడి 'నాకిలా తోస్తోంది' అని ఉంటే అతనికీ ఒక బెంచీ దొరికేది, నలుగురూ వాదించేవాళ్లు. అతను ఆ తర్కం కింద పెట్టకూడని సంతకం పెట్టాడు. తన మాటల్ని ఒకరి దగ్గర ఒకరు దొంగిలించే ప్రవక్తల మీద దేవుడు మండిపడ్డట్టు యిర్మీయా గ్రంథం 23వ అధ్యాయంలో ఉంది. తెలుగులో 'దొంగ ప్రవక్త' అన్నప్పుడు మనం నకిలీ అనే అర్థంలోనే వాడతాం. ఇక్కడ ఆ మాటకి అసలు అర్థం కూడా అతికింది.

అదే చోట ఇంకో వాదన ఉంది. అబద్ధ ప్రవక్త చూపించిన సూచన నిజంగా జరుగుతుందని తోరా ఎలా అంటుంది, దేవుడు అలాంటివాడికి సాయం చేస్తాడా అని. ఆ మాటే నోటికి రాకూడదన్నాడు రబ్బీ అకీవా. అక్కడ చెప్పింది మొదట నిజమైన ప్రవక్తగా ఉండి తర్వాత పాడైనవాడి సంగతి, హనన్యా లాంటివాడి సంగతి అన్నాడు.

అంటే హనన్యా ఒకప్పుడు విన్నవాడే. ఒకసారి నిజంగా వినపడింది. ఆ తర్వాత జనం కళ్లలోకి చూస్తే ఇంకా వినపడుతున్నట్టే ఉంది.

ఆ పేజీ మూసి మా వదినకి ఫోన్ చేశాను. ఆ ప్రార్థనకి ముందు అమ్మ అయ్యగారితో ఏమైనా చెప్పిందా అని అడిగాను. చెప్పిందట. అదే దాయాది మీద పక్కింటావిడ వేసిన కేసు ఆ ముందు నెలే గెలిచిందనీ, ఆవిడ దగ్గర సరైన కాగితాలు కూడా లేవనీ, తన దగ్గర అన్నీ ఉన్నాయనీ చెప్పిందట. కాగితాలు లేనావిడే గెలిస్తే ఇక అన్నీ ఉన్నావిడ సంగతి చెప్పాలా? ఆయన అబద్ధమాడాడని నేనిప్పుడు అనను. పై బజారులో విన్నాడు, అంతే.

నాలుగు వందల మంది

హనన్యా ఒంటరిగా ఉన్నాడు కాబట్టి పట్టుకోవడం కష్టమైంది. గుంపైతే కొంత తేలిక. అహాబు రాజు రామోత్గిలాదు మీద యుద్ధానికి వెళ్లాలా అని నాలుగు వందల మంది ప్రవక్తల్ని అడిగితే, అందరూ వెళ్లు, గెలుస్తావు అన్నారు. సిద్కియా అనేవాడు (రాజు కాదు, వేరే సిద్కియా) ఇనప కొమ్ములు చేయించుకొచ్చి మరీ చూపించాడు. పక్కనే కూర్చున్న యూదా రాజు యెహోషాపాతు, ఇంకొకరెవరూ లేరా అని అడిగాడు. నాలుగు వందల మంది చాలక ఇంకొకడేమిటి? మా తాతల ఇంటి నుంచి నాకొచ్చిన మాట ఒకటుంది అన్నాడని తల్మూదు చెప్తుంది: ఒకే సందేశం చాలామంది ప్రవక్తలకి రావచ్చు గానీ, ఏ ఇద్దరు ప్రవక్తలూ ఒకే శైలిలో పలకరు. వీళ్లంతా ఒకే పాట ఒకే రాగంలో పాడుతున్నారు.

వాట్సాప్‌లో ఒకే మెసేజ్ ఎనిమిది గ్రూపుల నుంచి వచ్చినప్పుడల్లా నాకు యెహోషాపాతు గుర్తొస్తాడు. ఇంత తెలివిగా అనుమానించినవాడు చివరికి ఏం చేశాడంటే, ఆ యుద్ధానికే వెళ్లాడు. అక్కడ అహాబు చచ్చాడు, తను ప్రాణాలతో బయటపడ్డాడు. పరీక్ష తెలిసినంత మాత్రాన ఒరిగేదేమీ లేదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

నిజమైనవాళ్లూ తప్పారు

నా వాదనకి ఎదురు మాటలున్నాయి. మొదటిది: జరిగిందా లేదా అన్నదే అసలు పరీక్ష కాదా, గీత సంగతెందుకు అని. రంబం, అంటే మైమోనిడీస్ అనే యూదు పండితుడు, 12వ శతాబ్దంలో రాసిన తన ధర్మస్మృతిలో దీన్ని చాలా ఖచ్చితంగా పెట్టాడు. ప్రవక్తనని వచ్చినవాణ్ని మళ్లీ మళ్లీ పరీక్షించాలి, ఒక్క చిన్న విషయం తప్పినా అబద్ధ ప్రవక్తే. అయితే కీడు చెప్పి అది జరక్కపోతే తప్పు పట్టకూడదు, జనం మారి ఉంటారు, దేవుడు కనికరించి ఉంటాడు. నలభై రోజుల్లో నీనెవె నాశనం అన్నాడు యోనా, నీనెవె నిలిచింది. మేలు చెప్తే మాత్రం అది జరిగి తీరాలి. యిర్మీయా హనన్యాతో అన్నదాన్నే ఆయన సూత్రంగా మార్చాడు.

సూత్రం చక్కగా ఉంది. కానీ హుల్దా ఉంది. తల్మూదు లెక్కపెట్టిన ఏడుగురు ప్రవక్త్రినుల్లో ఒకరు. యోషీయా రాజుతో, నువ్వు సమాధానంగా సమాధికి చేరతావు అని చెప్పింది. మేలు మాటే. క్రీ.పూ. 609లో మెగిద్దో దగ్గర ఐగుప్తు సైన్యం చేతిలో యోషీయా చచ్చాడు. బాణాలతో ఒళ్లు జల్లెడైపోయిందని తల్మూదే అంటుంది. మరి సమాధానం ఏదీ? అతని రోజుల్లో దేవాలయం కూలలేదు, అదే సమాధానం అని రబ్బీ యోహానాన్ సర్ది చెప్పాడు. నిజం చెప్పొద్దూ, ఇది అతుకు. ఇలాంటి అతుకులు నేను హనన్యాకి కూడా వెయ్యగలను.

అయినా హుల్దాని ఎవరూ అబద్ధ ప్రవక్త్రి అనలేదు. ఆ మాటని గ్రంథం నుంచి చెరపలేదు కూడా. జోస్యం తప్పడమే అంతిమ పరీక్షయితే ఇది ఎలా కుదురుతుంది? మార్కులు లెక్కపెట్టి కాక, వేరే దేన్నో చూసి వాళ్లు మనిషిని గుర్తుపట్టారని నా అనుమానం.

దేన్ని చూసి? మూడు సంగతులు చెప్తాను.

దావీదు రాజు ఒకరోజు నాతాను ప్రవక్తతో, నేను దేవదారు ఇంట్లో ఉన్నాను, దేవుడి మందసం గుడారంలో ఉంది అన్నాడు. గుడి కడతానని. నాతాను వెంటనే, నీ మనసులో ఉన్నదంతా చెయ్యి, దేవుడు నీకు తోడున్నాడు అనేశాడు. ఎవరైనా అంటారు, అంత మంచి పని. ఆ రాత్రే కాదన్న మాట వచ్చింది: కట్టేది నువ్వు కాదు, నీ కొడుకు. నాతాను మళ్లీ రాజు దగ్గరికి వెళ్లి, నిన్న అన్నదానికి ఎదురు మాట చెప్పాడు. నిన్న అన్నది నా మాట, ఇవాళ్టిది కాదు అని ఒప్పుకోవడమే కదా అది. రాజు ముందు!

షూనేములో ఒకావిడకి ఎలీషా కొడుకు పుడతాడని చెప్పాడు. పుట్టాడు. కొంచెం పెద్దయ్యాక ఆ పిల్లవాడు కోత చేలో 'నా తల, నా తల' అంటూ పడిపోయి, తల్లి ఒళ్లో మధ్యాహ్నానికి ప్రాణం విడిచాడు. ఆమె గాడిదెక్కి కర్మెలు కొండకి వెళ్లి ఎలీషా కాళ్లు పట్టుకుంది. శిష్యుడు నెట్టెయ్యబోయాడు. వదిలెయ్, ఆమె ప్రాణం కుమిలిపోతోంది, దేవుడు ఇది నాకు చెప్పకుండా దాచాడు అన్నాడు ఎలీషా. అంత పేరున్న ప్రవక్త, శిష్యుడి ముందు, తనకి తెలియదని.

మూడోది మళ్లీ యిర్మీయాదే. యెరూషలేము కూలింది. బబులోను పెట్టిన అధికారి గెదల్యాని సొంతవాళ్లే చంపేశారు. పగ తీర్చుకోవడానికి బబులోను సైన్యం ఏ క్షణమైనా వస్తుందని మిగిలినవాళ్లు బేత్లెహేము దగ్గర మూటలు కట్టుకుని ఉన్నారు, ఐగుప్తుకి పారిపోవడానికి. అప్పుడు యిర్మీయా దగ్గరికొచ్చి మా కోసం అడిగి చెప్పు అన్నారు. ఎన్ని గంటలు పట్టి ఉంటుంది? పది రోజుల తర్వాత మాట వచ్చిందని రాసి ఉంది. పిల్లాజెల్లాతో అంత టెన్షన్‌లో ఉన్న గుంపు రోజూ పొద్దున్నే అతని మొహం చూసి ఉంటుంది. అతని సొంత అభిప్రాయం ఏమిటో ఊరందరికీ తెలుసు, బబులోనుకి తల వంచి ఈ నేల మీదే బతకండి అని ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నవాడు. మొదటి రోజే ఆ మాట అనేసి కింద దేవుడి పేరు పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? పది రోజులు నోరు మూసుకున్నాడు. పదో రోజున వచ్చిన మాట కూడా అదే: ఉండండి. వాళ్లు 'అబద్ధం, ఇది నీ లేఖకుడు బారూకు నీకు ఎక్కించాడు' అన్నారు. అతన్నీ లాక్కుని ఐగుప్తుకే పోయారు.

తన ఊహా వచ్చిన మాటా ఒకటే అయినప్పుడు కూడా పది రోజులు ఆగినవాడు ఆ గీతని ఎంత భయంతో కాపాడుకున్నాడో చూడండి.

రెండు పీపాలు

రెండో ఎదురు మాట ఇంకా గట్టిది. 'తెలియదు' అనడం కూడా నటించొచ్చు. అణకువ ఒట్టి టెక్నిక్ కావచ్చు. ఒప్పుకుంటున్నాను. ఇంకో అడుగు ముందుకేసి నేనే చెప్తాను: ఆ గీత హనన్యాకి లోపల కనపడిందా అన్నది కూడా నాకు అనుమానమే. గడ్డికీ గోధుమకీ పొత్తేమిటి అని యిర్మీయా అడిగాడు, ఆ తేడా ఎవరికైనా తెలుస్తుందన్నట్టు. గోధుమ చేతిలో ఉన్నవాడికి తెలుస్తుంది. గడ్డి మాత్రమే ఉన్నవాడికి పోల్చుకోవడానికి ఏముంది? ఈ అకీవాయే, హనన్యా ఎలా పాడయ్యాడో చెప్పినవాడు, రోము మీద తిరగబడ్డ నాయకుడు బార్ కోఖ్‌బాని చూసి ఇతనే మెస్సీయ, దావీదు వంశంలో పుట్టి వస్తాడని యూదులు ఎదురుచూసే రక్షకుడు అన్నాడు. అకీవా, నీ దవడల మీద గడ్డి మొలిచినా దావీదు కొడుకు రాడు అన్నాడు ఒక తోటి రబ్బీ. క్రీ.శ. 135లో ఆ తిరుగుబాటు నెత్తుటిలో ముగిసింది.

ఇందుకేనేమో రబ్బీలు మొత్తం దుకాణమే మూసేశారు. హగ్గయి, జెకర్యా, మలాకీల తర్వాత ప్రవచనం పలికించే ఆత్మ వెళ్లిపోయిందన్నారు. గుడి కూలాక ప్రవచనం పిచ్చివాళ్లకీ పిల్లలకీ ఇచ్చేశారని రబ్బీ యోహానాన్ చమత్కరించాడు. ప్రవక్త కన్నా పండితుడే మేలని ఇంకొకరు తేల్చారు. పండితుడు ఇది నా తర్కం అని చెప్తాడు, కాదనే హక్కు నీకిస్తాడు.

మూసిన దుకాణం మళ్లీ తెరుచుకుంది. 1665లో గాజా ఊరి నాతాను, అప్పటికి ఇరవై రెండేళ్లవాడో ఏమో, స్మిర్నాలో పుట్టిన షబ్బతై జ్వీయే మెస్సీయ అని ప్రకటించాడు. నాతాను మోసగాడని నేననుకోను, చదువుకున్నవాడు, నమ్మినవాడు. ఆ వార్త ఐరోపా అంతా పాకింది. హాంబర్గులో గ్లూకెల్ అనే వ్యాపారస్తురాలు తన జ్ఞాపకాల్లో రాసుకుంది: మామగారు హామెల్న్‌లో ఇల్లూ వాకిలీ వదిలేసి హిల్డెస్‌హైముకి మారి, రెండు పెద్ద పీపాలు వీళ్లింటికి పంపాడు. బట్టలు, బఠాణీలు, చిక్కుళ్లు, ఎండుమాంసం, ఎండబెట్టిన పళ్లు, నిలవుండే తిండంతా. హాంబర్గు రేవు నుంచి పవిత్ర భూమికి ఓడెక్కడమే తరువాయి. అదే ఊళ్లో ఆ రోజుల్లో రబ్బీ సాస్పోర్తాస్, రుజువేదీ అని అడుగుతూ ఉత్తరాలు రాస్తున్నాడు, తిట్లు తింటున్నాడు. 1666 సెప్టెంబరులో టర్కీ సుల్తాను ముందు షబ్బతై తలపాగా చుట్టుకుని ఇస్లాం పుచ్చుకున్నాడు. నాతాను ఆ తర్వాత కూడా తగ్గలేదు, అందులోనే రహస్యముందన్నాడు. పీపాలు ఏడాది పైగా అలాగే ఉన్నాక, మాంసం కుళ్లితే బట్టలు పాడవుతాయని, తిండి తీసెయ్యమని మామగారు కబురు పెట్టాడు. బట్టలు మాత్రం ఉంచమన్నాడు. మూడేళ్లు ఉన్నాయట.

తిండి తీసేసి బట్టలు ఉంచమన్న ఆ ముసలాయన్ని చూసి నవ్వలేను. మా అత్తయ్య కూడా గేటుని తూకానికి అమ్మలేదు, రంగూ వేయించలేదు.

పోయిన నెల ఊరెళ్లినప్పుడు ఆయనే వచ్చాడు, చాలాకాలం తర్వాత. భోజనం అయ్యాక చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లి అక్కడే ఆగిపోయాడు. నేను చెంబుతో వెనకాల ఉన్నాను.

"ఇది అప్పుడు చేయించిందేనా అమ్మా?"

"అవునయ్యగారూ," అంది అత్తయ్య. "ఇంకెంత కాలమంటారు?"

ఆయన తుప్పు పట్టిన గొళ్లేన్ని కాసేపు అటూ ఇటూ కదిపాడు. అది బిగుసుకుపోయి ఉంది.

"నాకు తెలియదమ్మా," అన్నాడు.

ఇంకేదో అంటాడని అత్తయ్య చూసింది. నేనూ చూశాను. ఆయన చేతులు తుడుచుకుని, ప్రార్థన కూడా పొట్టిగా చేసి, నాలుగు గంటల బస్సుకి వెళ్లిపోయాడు. చీకటి పడకముందే కూరకని గేటు మీది చిక్కుళ్లు కోస్తూ అత్తయ్య నాతో అంది, "ఏమిటోరా అబ్బాయ్, ఈ మధ్య అయ్యగారిలో ఆత్మ తగ్గిపోయింది."